సగమే విన్న వాక్యం

మిర్చి యార్డు ఎర్రబడే నెలల్లోనే
మాకు శ్రమకాలమూ వస్తుంది.
ఏ యేడూ తప్పదు.
బుధవారం, శుక్రవారం సాయంత్రాలు ఆరాధన,
అన్ని వారాలూ పొద్దుటినుంచి తొడిమలు.

కిలోకింత అని లెక్క.
కిలో అంటే ఎన్ని కాయలో
తూకం వేసే గుమాస్తాకు తెలియదు,
నా బొటనవేలికి తెలుసు.

ఏటుకూరు రోడ్డు మీద ఆటోలో తొమ్మిదిమందిమి,
సంగడిగుంట మలుపులో నేనొక్కదాన్నే దిగుతాను.
ఇంటికెళ్ళి చీర మార్చుకుని రావచ్చు.
వెళితే మళ్ళీ రాలేను, అదీ సంగతి.
ఎనిమిది నెలలుగా మంచం మీద ఏసుపాదం,
లారీ మీంచి టిక్కీతోపాటు జారిపడ్డ మనిషి.
అటు తిప్పాలి, ఇటు తిప్పాలి,
దుప్పటి ఉతకాలి,
వడ్డీవాడికి నవ్వుతూ సమాధానం చెప్పాలి.

అందుకే ఘాటుతోనే గుడికొస్తాను.
గుమ్మంలో అడుగు పెట్టగానే
ముందు వరసలో కెజియా టీచరమ్మ తుమ్ముతుంది,
తర్వాత హార్మోనియం అబ్బాయి,
తర్వాత స్తుతి చెల్లిస్తూ చెల్లిస్తూ అయ్యగారే.
ఎవరూ తిరిగి చూడరు. మర్యాదస్థులు.
కిటికీ పక్క చివరి బెంచీ మాత్రం
ఎవరూ చెప్పకుండానే నాకు ఖాళీగా ఉంటుంది.

ప్రార్థన చెయ్యి వదినా, భారం తగ్గుతుంది అంటారు.
ఏం చెప్పుకోను?
మొదట్లో అడిగాను, తర్వాత బతిమాలాను,
క్రిస్మస్ దాటాక పోట్లాడాను కూడా.
ఇప్పుడు మాటల సంచి తిరగేసి దులిపినా
గింజ రాలదు.
మోకరిస్తే మోకాళ్ళు గుర్తొస్తాయి, ఆయన గుర్తురాడు.

మొన్న శుక్రవారం ముందు బెంచీకి తల ఆనించానా,
అంతే.
ఏ పాట పాడారో, ఏ పాఠం చదివారో తెలియదు.
మెలకువ వచ్చేసరికి
అయ్యగారు ఎవరో ప్రవక్త గురించి చెబుతున్నారు.
పేరు నా నిద్రలో పోయింది.
ఎడారిలో ఒక చెట్టు కింద కూలబడి
ఇక చాలు, నన్ను తీసుకుపో అన్నాడట.
దేవుడు కోప్పడలేదట.
విశ్వాసం ఏమైందని నిలదీయలేదట.
పడుకోనిచ్చాడట.
తర్వాత లేపించి, తల దగ్గర వేడి రొట్టె చూపించి
తినమన్నాడట.
తిని, ఆ మనిషి మళ్ళీ పడుకున్నాడట!

నాకు నవ్వొచ్చింది.
చెంగు అడ్డం పెట్టుకుందామంటే చెంగంతా కారమే.

ఆ రోజు సంస్కారం కూడా ఉంది.
వరసలో వెళ్ళి మోకరించి చేతులు చాచాను.
చాచాక చూసుకున్నాను,
సబ్బుకు లొంగని మంట, గోళ్ళ కింద ఎరుపు.
ఈ వేళ్ళతో పట్టుకుంటే
ప్రభువు శరీరానికీ మండుతుందేమో.
వెనక్కి తీసుకున్నాను.

అయ్యగారు ఒక్క క్షణం ఆగారు.
"నోరు తెరువమ్మా" అన్నారు మెల్లగా.

మా అమ్మ పోయాక
ఇంకొకరి చెయ్యి నా నోటిదాకా రావడం
అదే మొదలు.
ఏముంది అందులో, కాగితమంత అప్పం,
నాలుక మీద పడగానే కరిగిపోయేది.
దానికి కడుపు నిండుతుందా అంటే నిండదు.
కళ్ళు నిండాయి.
తుడుచుకుందామంటే చేతులేమో ఇవి.
కారనిచ్చాను, గడ్డం దాకా.
పక్కన మోకరించిన జెకర్యా తాత
చూసీ చూడనట్టు
తన కండువా చివర నా వైపు జరిపాడు.

ఇంటికొచ్చేసరికి ఎనిమిదిన్నర.
పులుసన్నం చెంచాతో నోటికందిస్తుంటే
ఏసుపాదం అడిగాడు:
"ఏం చెప్పారివాళ వాక్యం?"
"సగమే విన్నా."
"ఏ సగం?"
"లేచి తినమనే సగం.
ఎంత దూరం నడవాలో చెప్పే సగం
మొదట్లోనే అయిపోయిందో, బుధవారం చెబుతారో."

ఆయన తుమ్మాడు.
రెండుసార్లు.
ఇంకో చెంచా పెట్టాను.
తెల్లారి నాలుగున్నరకే ఆటో.