సోడియం ఫ్లోరైడ్, యాభై మిల్లీమోలార్

పొద్దున తొమ్మిదింటికే నల్లగొండ ఎండ
గడియారం సెంటరు దాటి వచ్చి
సెమినార్ హాలు మెట్ల మీద కూసుంది.
గేటుకు కట్టిన ఫ్లెక్సీ మీద
కైనేజుకు దీర్ఘం మరిచిండు అచ్చేసినోడు.
ఎవరూ పట్టించుకోలేదు.

నా పోస్టరు పదిహేడో నెంబరు.
నాలుగేండ్ల పని, ఎలుక ఎముక కణాలు.
ఉక్కకు టేపు అంటక
కుడి మూల జారుతనే ఉంది.

లోపల హేమనళిని మేడం చెప్తున్నది:
కైనేజు పెద్దగ చేసేదేం లేదు,
ఏటీపీ దగ్గరున్న మూడు ఫాస్ఫేట్లల్ల
ఆఖరిది తీసి
ఇంకో ప్రోటీను చేతిల పెడుతది.
పెట్టంగనే అది లేస్తది,
లేచి పక్కదాన్ని లేపుతది.
గట్లనే కణం గోడ కాడ తట్టిన మాట
కేంద్రకం దాక పోతది.

అప్పుడే కరెంటు పోయింది.
తెర మీది పచ్చ బాణాలన్నీ ఒక్కసారి ఆరినయి.
ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేంత నెమ్మదైనయి.

ఆ మసక చీకట్ల
వెనక తలుపు తోసుకొని చుక్కయ్య వచ్చిండు,
పళ్లెం నిండ కాగితపు కప్పులు.
ఎవరన్న పిలిస్తే మెడ తిప్పడు ఆయన,
మొత్తం మనిషే తిరుగుతడు.
ఒక్కో చేతిల ఒక్కో చాయ్ పెట్టుకుంట
వరుస దాటి వరుస నడిచిండు.
ఆఖరి బెంచీల కునుకుతున్న పిల్లలు
కప్పు అందంగనే నిటారుగ కూసున్నరు.
"చూడుండ్రి, కైనేజు వచ్చింది" అన్నది మేడం.
అందరం నవ్వినం.
చుక్కయ్య నవ్వలేదు, లెక్క పెట్టుకుంటున్నడు.

కరెంటు వచ్చింది.
తెర మీద కణాలు పగలగొట్టే ద్రవం తయారీ:
ట్రిస్, ఉప్పు,
సోడియం ఫ్లోరైడ్ యాభై మిల్లీమోలార్.
"ఫ్లోరైడ్ ఎందుకు మేడం?"
పాలమూరు నుంచి వచ్చిన పిల్లగాడు లేచి అడిగిండు.
"పెట్టిన ఫాస్ఫేటును తీసేసే ఎంజైములు ఉంటయి కదా,
వాటి చేతులు కట్టేస్తది.
ఎక్కడి సంకేతం అక్కడ్నే నిలిచిపోతది,
మనం చూసేదాక."
మంచి జవాబు.
ఏ ఊర్ల నిలబడి అన్నదో ఆమెకు తట్టలేదు.
సగం హాలు
ఒక్క క్షణం పెన్ను ఆపింది.

మా ల్యాబుల ఆ తెల్ల డబ్బా నాకు తెలుసు.
లీటరుకు రెండు గ్రాముల మీద ఇంత.
మూత మీద పుర్రె బొమ్మ,
గ్లౌజులు లేక ముట్టను.
మర్రిగూడ దిక్కు చుక్కయ్య ఊరి బోరుకు
ఏ బొమ్మా లేదు.
పంపుకు ఎర్ర రంగు పూసేటాళ్లకు
ఆయనకు పెండ్లీడు దాటింది.

చాయ్ అయిపోయింది.
కుర్చీల కింద నూట నలభై కప్పులు.
వంగరాని మనిషి ఎట్ల తీస్తడా అని చూస్తున్న.
కొనకు మొల కొట్టిన కర్ర తెచ్చుకున్నడు.
గుచ్చుడు, బకెట్ల దులుపుడు,
గుచ్చుడు, దులుపుడు.
తెర మీద ఫాస్ఫటేజు బొమ్మ ఉన్నంతసేపూ
ఆ టిక్కు టిక్కు వినవడుతనే ఉంది.

అన్నం యాళ్లకు నా పోస్టరు ముందట ఆగిండు.
"ఏంది బిడ్డా ఇది?"
ఎముకల ఉండే కణం అన్న.
కట్టుమని మాట వస్తే కడుతది,
ఆ మాటను చెరిపేటోని చేతులు కట్టేస్తే
కట్టుడు ఆపదు.
తన మోకాలి దిక్కు చూసుకోలేదు ఆయన.
గోడ దిక్కే చూసిండు చానసేపు.
"అయితే చెప్పెటోనిది కాదు తప్పు,
చాలనెటోడు లేకపోవుడు."

నాలుగేండ్లల్ల నేను రాయని వాక్యం.

కుడి మూల మళ్లీ ఊడింది.
నేను టేపు చింపేలోపల
చుక్కయ్య కర్ర తిరగేసి, మొల లేని కొనతోటి
కాగితాన్ని గోడకు అదిమి పట్టిండు.
అప్పుడే వచ్చిండ్రు మార్కులు వేసే ఇద్దరు సార్లు.
"మీ కంట్రోల్ ఏదమ్మా?
ఫ్లోరైడ్ తగలని కణాలు ఎక్కడివి?"

కింది వరుస చూపించిన.
టేపు ఇంకా నా వేళ్లకే ఉంది,
కర్ర ఇంకా మూల మీదనే.