పుట్టి మునిగిన ఏడు

కత్తి పట్టినోణ్ణి కాదు నేను.
గద్వాల కోటల, బురుజు కింద,
గబ్బిలాల కంపు కొట్టే బక్షీఖానాల
మూడు కలాలు, ఒక సిరాబుడ్డి,
కూసునేటందుకు చిరిగిన జంపఖానా.
ఫౌజు అంటే నాకు ఇంతే తెలుసు.

కొత్తగ చేరేటోనికి ముందు చెహరా రాయాలె.
పేరు, తండ్రి పేరు, కులం, జానలల్ల ఎత్తు,
ఒంటి మీద చెరగని గుర్తు ఒకటి,
ఒకని జీతం ఇంకొకడు ఎత్తకుండ.

బోయ ఉసేనప్ప, జమ్మన్న కొడుకు.
ఎడమ చెవి తమ్మె తెగింది.
ఎట్ల తెగిందిరా అంటే
"మొసలి, పంతులూ" అని నవ్విండు.
మొసలి అనే రాసిన.
తమ్ముడు కొరికిండని
ఏడాదికి గాని నిజం చెప్పలే.
కొట్టేస్తే కాగితం ఖరాబైతదని ఊకున్న.

జీతం నెలకు ఆరు రూపాయలు, హాలీ సిక్కా.
బత్తెం దినానికి శేరు జొన్నలు, చారెడు ఉప్పు.
గుర్రమున్నోనికి ఉలవలు వేరే.
ఇదంతా కాగితం మీద.
కాగితం దిగి బయటికొచ్చేసరికి
రూపాయికి వట్టం కోసేది షరాబు,
శేరుకు గుప్పెడు తాలు కలిపేది ఉగ్రాణపోడు.
అన్నీ పోను మిగిలేది సిపాయి.

ఆ ఏడు, ఏడు నెలల బాకీ.
అరబ్బులు దివాను గుమ్మానికి అడ్డం కూసున్నరు.
సిద్దీ మర్జాన్ గుర్రాన్నమ్ముకొని
గుర్రం బత్తెం అడగనొచ్చిండు.
"గుర్రమేది?" అన్న.
"జీతమేది?" అన్నడు.
ఇద్దరం కొంచెంసేపు
లేనివాటిని లెక్కబెట్టుకున్నం.

కృష్ణ అవతల కొన్న జొన్నలు
బీచుపల్లి రేవుల పుట్టికెక్కినయి.
మా దగ్గర పుట్టి అంటే రెండు:
నీళ్ల మీద తేలేదొకటి, గింజలు కొలిచేదొకటి.
ఆ దినం రెండూ కలిసే మునిగినయి.

కాపలా పోయిన ఉసేనప్ప మూటల కోసం దూకిండు.
మూడు మూటలు ఒడ్డుకు తోసిండు.
నాలుగోదానికని మునిగినోడు లేవలే.
సుడి అన్నరు. మొసలన్నరు.
ఆ ఏట్ల మొసలిని
రాసింది నేనేనని ఎవనికి చెప్పుదు?

మూడోనాటికి తాకీదొచ్చింది:
మునిగిన జొన్నల ఖరీదు
కాపలా పోయినోళ్ల జీతాలల్ల కోయాలె.
సర్కారు వానికి నలభై రెండు రూపాయలు ఇయ్యాలె.
వాడు సర్కారుకు ఏటి అడుగున్న జొన్నలియ్యాలె.
ఫౌతీ అని రాస్తే
బత్తెం ఆ పూటకే బందు.
కలం పట్టుకొని పొద్దుగూకెదాంక కూసున్న.
సిరా ఎండింది. మళ్ల ముంచిన. మళ్ల ఎండింది.
హాజరు అని రాసిన.

నెల తిరిగి పిలుపు దినం
"బోయ ఉసేనప్పా" అంటే
మర్జాన్ రుమాలు చెవి మీదికి లాక్కొని
"హాజర్" అన్నడు.
నల్లటి, ఆరున్నర జానల మనిషి!
బక్షీ సాబు ఎండకు కండ్లు మూసుకొని ఉండె.
పై నెల ఒక అరబ్బు. ఆ పై నెల వంటోడు.
తమ్మె తెగని చెవులెన్నో
తెగినట్టే దాక్కున్నయి.
సవారమ్మ పెరటి దిక్కు నుంచి వచ్చి
కొంగుల జొన్నలు పోయించుకొని పొయ్యేది.
తాలు ఏరి పడేస్తది గాని
ఒక్కనాడు మొగుని పేరెత్తలే.
నా చెహరాలను నేనే మోసం చేసుకుంట
పదకొండు నెలలు రాసిన.

మిరుగం నాడు పిల్లోణ్ణి తోలుకొచ్చింది.
పన్నెండేండ్లుంటయేమో, పదహారని రాసిన.
తండ్రి పేరు దగ్గర కలం ఆగింది.
ఒకే ఇంట రెండు బత్తెాలు దాగవు,
లెక్క చూసేటోడు ఒకనాడు కండ్లు తెరుస్తడు.
పాత కాగితం తీసి, ఉసేనప్ప వరుసల,
ఫౌతీ.
ఆమె అక్షరాలు రానిది. అయినా
నా చెయ్యి కదిలిన తీరు చూసి
కొంగు దులుపుకుంది.

"ఒంటి మీద గుర్తేమన్న ఉన్నదారా?"
అంగీ విప్పి ఇటు తిరిగిండు, అటు తిరిగిండు.
ఒక్క గాటు లేదు.
ఆ గడి ఖాళీగ వదిలిన.
పిల్లోడు అంగీ తొడుక్కుంట అడిగిండు:
"జీతమెప్పుడిస్తరు, పంతులూ?"