మూడు క్లిక్కులు కుడికి

శుక్రవారం. గాలి ఇంకా నిద్ర లేవలేదు.
ఉమ్ అల్ కువైన్ దాటాక ఈ ఉప్పునేల
అట్ల పెనమంత చదును, పొద్దెక్కితే అంత వేడీను.
ఎనిమిదింటికి సముద్రం మీంచి గాలి మొదలవుతుంది.
అప్పటిదాకే మా సంబరం.

నాలుగు నెలలు పట్టింది దీనికి.
ఏసీ డక్టులకు తొడగ్గా మిగిలిన ఫోము ముక్కలు రెక్కలు,
ఎవరో పారేసిన కర్టెన్ రాడ్డు వెన్నుపూస.
రిమోటొక్కటే కొన్నాను,
ఊరెళ్ళిపోతున్న ఫిలిప్పీన్స్ ఎలక్ట్రీషియన్ దగ్గర, సగం ధరకి.
వాళ్ళ పాప అంటించిన చందమామ స్టిక్కరు
దాని వెనక ఇంకా ఉంది. గీకబుద్ధి కాలేదు.

పేరు పెట్టన్నా అన్నాడు ఓదేలు.
ముందు పడనీ,
పడ్డాక మిగిలితే పెడదాం.

పొట్ట కింద పట్టుకుని నాలుగడుగులు ఉరికి వదిలాడు.
ముక్కెత్తింది. ఇంకా ఎత్తింది.
పైనెవర్నో ఏదో అడగబోయి
మాట మర్చిపోయినట్టు నిలబడి,
తోక మీద కూలబడింది.
ఉప్పు పెచ్చు పగిలిన చప్పుడు.
నీళ్ళ అంచున కొంగలు తలలెత్తి
మళ్ళీ వాటి పనిలో అవి.

తోక బరువు.
రోడ్డవతల గుల్ జమాన్ పంక్చరు షాపు
షట్టరు సగం లేచి ఉంది.
ముసలాయన విమానాన్ని రెండు చూపుడువేళ్ళ మీద ఆపి
అది వెనక్కి ఒరగడం చూశాడు.
లోపల్నుంచి కారు చక్రాలకంటించే సీసపు బిళ్ళలు తెచ్చాడు.
ముక్కు లోపల ఐదు గ్రాములు. ఇంకో ఐదు.
ఇంకో ఐదుకి వేళ్ళ మీద నిలిచింది,
త్రాసులో బంగారంలా.
డబ్బులిస్తే తీసుకోలేదు.
షట్టరు దింపి, తనూ వస్తానన్నాడు.

ప్రొపెల్లరు మార్చాను. ఈసారి లేచింది.
లేచింది గానీ ఎడమకే లాగుతోంది,
అలవాటైన సందులోకి మళ్ళే గేదెలా.
కుడికి దిద్దుతాను, వదుల్తాను,
మళ్ళీ ఎడమకే.
నా వైపు తిరిగిందంటే దాని కుడి నా ఎడమ.
అరచేతుల్లో చెమట.
ఏ రెక్క వాలితే పుల్లను అటే నెట్టాలి,
తూలే మనిషికి ఆ పక్కనుంచే భుజమిచ్చినట్టు.
నాకు నేనే పైకి చెప్పుకుంటున్నాను,
ఎక్కాలు అప్పజెప్పే పిల్లాడిలా.

ఒక క్లిక్కు కుడికి.
కొంచెం తగ్గింది మొండితనం.
రెండు.
మూడో దానికి ఏదో ఒప్పుకున్నట్టుంది.

అప్పుడు రెండు బొటనవేళ్ళూ పుల్లల మీంచి తీసేశాను.

అది వెళుతూనే ఉంది.
నేను పట్టుకోలేదు, ఎవరూ పట్టుకోలేదు,
తిన్నగా, ఎండ తగిలిన ఫోము తెల్లగా,
మోటారు చప్పుడు సన్నబడి తుమ్మెదంతయింది.
మా ఫోర్‌మన్ నా వెనక లేని క్షణం
ఈ దేశంలో ఎట్లా ఉంటుందో
పదకొండేళ్ళకి తెలిసింది.
"చాలు, తిప్పన్నా, కనబడదిక!" ఓదేలు కేక.
గుల్ జమాన్ మాట్లాడలేదు.
నోరు తెరిచి ఉంది. పైపళ్ళు లేవు.

దిగేటప్పుడు రెండుసార్లు ఎగిరి
చక్రం ఒకటి ఊడింది. దాన్ని వెతకడానికి అరగంట.

రాత్రి రూములో బల్ల లేదు గనక
రెక్కను మంచం మీదే పెట్టి
దారం పట్టి చూశాను.
ఎడమ రెక్క చివర మెలిక, వడ్లగింజ మందం.
జిగురు ఆరిందీ ఈ మంచం మీదే.
మంచం ఎడమ కోడు పొట్టి.
ఇన్నేళ్ళ నా పడక వాలు
దాని రెక్కలోకి దిగింది.

పాత టైంషీట్లు నాలుగు మడిచి
కోడు కింద పెట్టాను. నీళ్ళ సీసా అడ్డంగా పడుకోబెడితే
దొర్లలేదు. బాగుంది.

లైటార్పారు. కింది మంచం మీద ఓదేలు గురక.
నాకు మాత్రం
తెల్లారుజాము రెండైనా నిద్ర పట్టదు.
కాయితాలు లాగేశాను.
రెక్కను మాత్రం గోడకి నిటారుగా ఆనించాను.