కబురు చెప్పే వేషం

చీమకుర్తి అవతల, పని ఆగిపోయిన క్వారీలో
మా రిహార్సలు.
రాయి కోసుకుపోయిన చోట మిగిలిన మెట్లు
ఒక్కొక్కటీ నిలువెత్తు.
అడుగున పచ్చటి నీళ్లు,
నీళ్లలో ఎవరిదో ఒంటి చెప్పు.
"గ్రీకులు ఇట్టాంటి చోటే ఆడేవాళ్లు" అన్నారు ప్రసూన మేడం.
"వాళ్ల మెట్లు కూర్చోడానికి మేడం,
ఇవి జారిపడ్డానికి" అన్నాడు మస్తాన్‌వలి.
అతనే రాజు.
కిరీటం ఇంకా రాలేదు, హెల్మెట్ పెట్టుకున్నాడు.

కోరస్‌లో పదిహేనుమంది ఉండాలి.
ఒంగోలు బస్సు తప్పిపోయి తొమ్మండుగురు.
చీరల అట్టపెట్టెలు కోసి చేసిన మొహాల వెనక
చెమటలు కక్కుతూ
అందరూ ఒక్కసారే 'అయ్యో' అనాలి.
ఏసుమణి ముందే అనేస్తుంది,
వజ్రం అందరూ అన్నాక అంటుంది,
ఆ తర్వాత రాతిగోడ తన వంతు అంటుంది.
మేడం గోడనే మెచ్చుకున్నారు.

నేను ప్రాంప్టర్ని.
నలభైరెండు జిరాక్సు కాగితాలు, ఒక పెన్ను,
మరిచినవాళ్లకి మాట అందించే పని.
మరుపు వచ్చే ముందు
గొంతులో తెలిసిపోతుంది నాకు,
మలుపు దగ్గర బస్సు గేరు మారినట్టు.

వాచ్‌మన్ వెంగయ్య తాత
తెల్లార్లూ పద్యనాటకాలు చూసి పెరిగినోడు.
"హార్మనీ ఏదమ్మా?" అన్నాడు మొదటిరోజు.
రెండోరోజు, "రాజు కొడుకు చచ్చేది ఎప్పుడు?"
"చూపించం తాతా. లోపల చనిపోతాడు.
ఒకతను వచ్చి చెప్తాడు."
"చెప్తాడా!
అంతదూరం నుంచి వొచ్చినోళ్లకి చావు చూపిచ్చకుండా
కబురు జెప్పి పంపిస్తారా?"
నాటకం మీద కోపంతో
బీడీ సగంలోనే ఆర్పేశాడు.

ఆ చెప్పేవాడు మాలకొండ్రాయుడు.
బీకాం రెండో సంవత్సరం, మాట తక్కువ.
మూడు పేజీలు ఏకబిగిన చెప్పాలి,
తలుపు ఎట్టా తెరుచుకుందో, దీపం ఎట్టా ఆరిందో,
నేల ఏ రంగులో ఉందో.
చెయ్యి చాపి, గొంతు పెంచి చెప్తాడు.
"పరిగెత్తుకొచ్చినవాడివి నాయనా,
ఇంత అందంగా ఎట్టా చెప్తావు?" అంటారు మేడం.
మళ్లీ. మళ్లీ.
పదకొండోసారి గుటక మింగి ఆగాడు.
నేను అందించాను. అందుకోలేదు.

ఐదుంపావుకి పక్క క్వారీలో సైరన్.
బ్లాస్టింగ్.
అందరం గోడకి ఆనుకుని చెవులు మూసుకున్నాం,
రాజు, కోరస్, చచ్చిపోవాల్సిన యువరాజు.
భూమికి ఎక్కిలి వచ్చింది.
నీళ్లలో చెప్పు ఒకసారి తిరిగి ఆగింది.
మా రాతిలో బంగారు చుక్కలుంటాయని
ఎక్కడెక్కడి దేశాలకో కొనుక్కుపోతారు.
దుమ్ములో మాత్రం అవి నాకెప్పుడూ కనపడలేదు.

కొండ్రాయుడు చెవులు మూసుకోలేదు.
దుమ్ములోంచే నడిచొచ్చి
రాణి వేషంలో ఉన్న సౌగంధి ముందు నిలబడి
"కాసిని మంచినీళ్లియ్యమ్మా" అన్నాడు.

స్క్రిప్టులో నీళ్లు లేవు.
నా వేలు కాగితం మీద వెతుక్కుంది.
ఏం చెయ్యాలో తోచక సౌగంధి తన బాటిల్ ఇచ్చింది.
సగం తాగాడు. మూత పెట్టాడు. మళ్లీ తీశాడు.
"అన్నం తిన్నారా" అన్నాడు.
"పిలకాయలు బడినించి వొచ్చారా" అన్నాడు.
బాటిల్ మీది చీటీ గోటితో గీకుతూ
"ఇంట్లో పెద్దోళ్లు ఇంకెవురన్నా ఉంటే
పిలవమ్మా" అన్నాడు.

మూడు పేజీల్లో ఒక్క ముక్క చెప్పలేదు.
సౌగంధి కూలబడింది.
పడాలని ఎక్కడా రాసిలేదు.
కోరస్ 'అయ్యో' అనడం మరిచిపోయింది,
నేనూ అందించలేదు.

బస్సు కోసం నిలబడినప్పుడు చెప్పాడు.
ఇంటరు సెలవుల్లో క్రేను దగ్గర లెక్కలు రాసేవాడట.
ఒక మధ్యాహ్నం మేస్త్రీ తన సైకిలిచ్చి
"నువ్వు సదువుకునేవోడివి, నువ్వయితే సరిగ్గా జెప్తావు" అన్నాడట.
ఎవరింటికని మేమెవరం అడగలేదు.
"రేపు పేజీల్లో ఉండేదే చెప్తాను మేడం" అన్నాడు.
మేడం రోడ్డు వైపు చూస్తున్నారు.

వెంగయ్య తాత గేటుకి గొలుసు చుడుతూ
"వన్స్ మోర్ అందామనుకున్నా,
నోరు రాలా" అన్నాడు.

బస్సులో సీటు దొరికాక
ముప్పై ఒకటో పేజీ అంచున రాసుకున్నాను:
నీళ్ల బాటిల్ ఒకటి.
చీటీ ఊడనిది.