ఒక్క పట్టు

స్టేషన్‌లో గుమాస్తా అడిగాడు,
హెరాయిన్ అని రాయనా, స్మాక్ అని రాయనా?
ఫారంలో గడి ఇరుకు.
పొట్టి మాటే రాశాడు.

చెంప ఛెళ్లుమన్నట్టు లేదూ,
అందుకే ఆ పేరేమో అన్నాడు సిరా అద్దుకుంటూ.
నేను కాదనలేదు.
తమ్ముడి బూట్లు కాగితం సంచిలో వేసి ఇచ్చారు.
లేసులు లేవు.

రివింగ్టన్ వీధిలో దోసకాయ ఊరగాయ పీపాల దగ్గర
ఆ మాట మళ్లీ ఎదురొచ్చింది,
ఈసారి జుండెల్ తాత గొంతుతో.
ష్మెక్.

యిడ్డిష్‌లో అది ముక్కు చేసే పని, వాసన చూడటం.
ష్మెక్ టబాక్ అంటే ఒక పట్టు ముక్కుపొడుం,
అంతకు మించి పాపమెరగదు.
తాతకో కొమ్ము డబ్బీ ఉండేది, మూత మీద వెంట్రుకంత బీట.
ఏడాదికోసారి, మంచినీళ్లు కూడా ముట్టని ఉపవాసం నాడు,
మధ్యాహ్నం మూడయ్యేసరికి ప్రార్థన పుస్తకాల మీద తలలు వాలిపోతుంటే
డబ్బీ బెంచీ వెంబడి చేతులు మారేది.
తినకూడదు, తాగకూడదు.
వాసన సంగతి దేవుడు ఎత్తలేదు.
చిటికెడు పీల్చడం, భళ్లున తుమ్మడం,
తుమ్మినవాడికల్లా చుట్టుపక్కల నలుగురూ
"ఆరోగ్యం, ఆరోగ్యం" అనడం.
మేడ మీద ఆడవాళ్ల తెర సందులోంచి చూశాను:
ఆరేళ్ల హెషెల్ తాత మోకాళ్ల మధ్య తలదూర్చి
నాకో అన్నాడు.
తాత ఉత్త వేళ్లు వాడి ముక్కు కింద పెట్టాడు.
ఉత్త వేళ్లకే తుమ్మాడు వెధవ.
నలుగురూ ఆరోగ్యమన్నారు.

ఆ మాట ఎప్పుడు మెట్లు దిగి వీధిన పడిందో
ఎవరు చూడొచ్చారు?
తెల్లపొడి అమ్మేవాడికో పేరు కావలసి వచ్చింది,
పోలీసుకి అంతుపట్టనిది,
కన్నతల్లి విన్నా ఉలిక్కిపడనిది.
తాత జేబులోంచి ఎత్తుకుపోయాడు.
ఇటాలియన్ కుర్రాళ్లు, ఐరిష్ కుర్రాళ్లు నమిలి నమిలి
ష అరిగి స అయింది.
మా వీధిలో చెప్పుకునే కథ ఇది.
చదువుకున్నవాళ్లు ఇంకోలా చెబితే చెప్పనీ.

మొదట్లో వేళ్లు పొడిని పట్టేవి.
తర్వాత్తర్వాత పొడే వేళ్లని పట్టింది,
మోచేతి దాకా పట్టింది.
తాత గడియారం పోయింది, అమ్మ కొవ్వొత్తుల సెమ్మెలు పోయాయి.
బీటవారిన కొమ్ము డబ్బీకి మాత్రం
తాకట్టు కొట్టువాడు పది సెంట్లు కూడా ఇవ్వనన్నాట్ట.
హెషెల్ తిరిగి తెచ్చి అలమరలో పెట్టాడు.
తుడిచి మరీ పెట్టాడు.

నాలుగో అంతస్తు. తలుపు తీసే ఉంది.
వంటింట్లో అమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది.
ఏం చెప్పాలో తెలియక అలమర తెరిచాను,
డబ్బీ మూత తీశాను.
అడుగున ఏమీ లేదు, గోధుమరంగు మరక తప్ప.
అయినా తుమ్మొచ్చింది.

"ఆరోగ్యం" అంది అమ్మ లోపల్నుంచి,
కత్తి ఆపకుండానే. "హెషెల్ నువ్వేనా?"

సంచి ఇంకా నా చేతిలోనే ఉంది.