పన్నెండో సూది

నారిన్ బస్ స్టేషన్‌లో రాత్రి కొత్త సిస్టమ్ ఎక్కించాను.
తెల్లారేసరికి పెద్ద తెర మీద
ఊళ్లున్నాయి, వేళలు లేవు.

కొచ్కోర్. బాలిక్‌చి. అట్‌బాషి.
ఒక్కో అక్షరం రొట్టెంత లావు.
కుడివైపు సగం, అంటే బయల్దేరే గంటలూ నిమిషాలూ
చట్రం అవతల ఎక్కడో గాలిలో.

బయట మైనస్ ఇరవై రెండు.
జనం టోపీలు తీయకుండానే మెడలు వంచి చూస్తున్నారు,
పక్కకి జరిగితే మిగతాది కనబడుతుందేమోనని.
నవ్వొచ్చింది గాని నవ్వలేదు.
మొదట నేనూ అలాగే వంగి చూశాను.

టికెట్ల కిటికీలోంచి జుమాగుల్ అక్క:
"బెర్మెట్, నీ కొత్తదాని కంటే పాతదే నయం.
తొమ్మిదేళ్లు నోరెత్తలేదు పాపం."
అంటూనే సుద్దముక్క తీసుకుని వచ్చి
తలుపు మీద రాసేసింది,
కొచ్కోర్ 7.40, బాలిక్‌చి 8.15.

సెట్టింగుల్లో ఒకే ఒక్క కొలత,
అన్నిటికన్నా చిన్నది.
డ్రైవర్ మార్చాను. తెర నల్లబడింది.
ఆ నలుపులో నా మొహం, వెనకాల
సంచిలో కోడిపుంజుతో ఒక ముసలాయన.
పుంజు ఒక్కటే నన్ను నమ్మినట్టు చూస్తోంది.
మళ్లీ మొదటికొచ్చాను.
మళ్లీ అదే రొట్టెలావు కొచ్కోర్.

చివరికి నిచ్చెనెక్కి కేబుల్ పీకాను.
పదిహేను సూదుల్లో పన్నెండోది
పక్కకి ఒరిగి పడుకుంది.
పట్టిన దుమ్ము చూస్తే
అది నిన్నా మొన్నా వంగింది కాదు.

"నువ్వెంత వెడల్పు?" అని యంత్రం అడిగితే
తెర జవాబు చెప్పేది ఆ సూదిలోంచే.
పాత సిస్టమ్ ఎన్నడూ అడగలేదు.
ఎవరో ఒకనాడు చేత్తో రాసిచ్చిన కొలతనే
తొమ్మిదేళ్లూ అప్పజెప్పింది.
కొత్తది మర్యాద తెలిసింది. అడిగింది.
లోపల్నించి పలుకు లేదు.
ముక్కూమొహం తెలియని ఇంటికొచ్చినట్టు
గుమ్మం దగ్గరే, ఉన్నవాటిలో చిన్న పీట చూసుకుని
ఒదిగి కూర్చుంది.
దాన్నేనా నేను పొద్దుట్నించీ తిడుతున్నది!

అక్క జడలోంచి పిన్ను తీసిచ్చింది.
ఊపిరి బిగబట్టి సూదిని లేపాను.
తెర ఒక రెప్ప కొట్టింది.
అక్షరాలు చిక్కి, వరసలు సాగి,
అట్‌బాషి పక్కన 9.05,
దాని పక్కన, ఇన్నాళ్లూ ఉందని నాకే తెలియని గడిలో
"ఆలస్యం."

ముసలాయన తెర వైపు చూడనే లేదు.
తలుపు చదువుకుని, పుంజుని సర్దుకుని
మంచులోకి నడిచాడు.

పిన్ను ఇంకా నా జేబులోనే ఉంది.
అక్క అడగలేదు.