పదకొండు మిల్లీమీటర్ల లోతున

తుర్కు షిప్‌యార్డులో ఫిబ్రవరి.
మైనస్ పద్దెనిమిది.
గోడకాగితాలు అంటించే బంకను సీసాలో పోసుకుని
కోటు లోపల కోడిపిల్లలా పొదువుకుంటాను.
అది గడ్డకడితే శబ్దం ఇనుములోకి దిగదు.
సన్నని గాలిపొర అడ్డొచ్చినా చాలు,
మొహమాటపు చుట్టంలా
గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళిపోతుంది.

పొద్దున్నే చేసే మొదటి పని
జేబులోని ఉక్కుదిమ్మను పలకరించడం.
దానికో బెజ్జం, మూడు మిల్లీమీటర్లు,
ఎవరో కొలిచి, కావాలని పెట్టిన లోపం.
అది ఉన్నచోట ఉన్నట్టు కనిపించాకే
మిగతావాళ్ళ పనిలో తప్పు వెతికే అర్హత నాకు.

గోడలకు చెవులుంటాయంటారు.
ఈ ఓడ గోడకు నోరు కూడా ఉంది.
చెవికందని ప్రశ్నను ఏటవాలుగా వేస్తాను.
మంచి అతుకు బదులివ్వదు,
తెరమీద గీత పడుకునే ఉంటుంది.
మౌనమే ఇక్కడ మంచి కబురు.

ఇవాళ నలభై రెండో అతుకు దగ్గర
గీత లేచి కూర్చుంది.
ప్రోబు వెనక్కి లాగాను, ముందుకు తోశాను,
బంక తుడిచి, కొత్తగా రాసి, మళ్ళీ చూశాను.
లేచే ఉంది.

పక్కన గుద్దిన నంబరు చూడక్కర్లేదు.
చేపపొలుసుల్లా ఒకదానిపై ఒకటి ఒదిగిన ఆ లోహం
తాయిస్తోది.
ముప్పై ఒక్క ఏళ్ళ చేయి.
నా మొదటి చలికాలం
తన చేతొడుగులు విప్పి నాకిచ్చి
తను జేబుల్లో చేతులు పెట్టుకుని తిరిగినవాడు.

కుండబద్దలు కొట్టి చెప్పే ఉద్యోగం నాది.
పసుపు సుద్దతో గీశాను. లోతు రాశాను. తేదీ వేశాను.
అక్షరాలు మాత్రం
కాస్త చిన్నగా వచ్చాయి.

అతను వాదించలేదు.
నిప్పురవ్వలు రాల్చుకుంటూ తవ్వాడు,
తొమ్మిది, పది,
ఆపి, గోటితో తడిమి చూశాడు.
కనురెప్ప వెంట్రుకంత నల్లగీత.
రెండు ఇనుములు ఆనుకుని పడుకున్నాయే గానీ
కలవలేదు.

"మంగళవారం చేసింది, ఒర్వొక్కీ" అన్నాడు.
మంగళవారం ఏమైందో చెప్పలేదు.
నేను అడగలేదు.
ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి జరిపాను,
తాగేదాకా అక్కడే నిలబడ్డాను.

రెండు రోజులాగి
అదే చోట మళ్ళీ అడిగాను.
గీత కదల్లేదు.
సుద్ద తుడిచేశాను,
చలికి బిగుసుకున్న పసుపు పూర్తిగా పోలేదు.
ఎండాకాలం
రంగులవాళ్ళు వస్తారు.